పంటి కింద అరుగు

సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు మా పిన్ని అరిసెల పళ్ళెంతో పాటు ఒక ఎక్స్‌రే ఫిల్ము కూడా తెచ్చి నా చేతిలో పెట్టింది. అగ్గిపెట్టెంత ఫిల్ము. కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తే బూడిదరంగు ఎముక మధ్య తెల్లగా ఒక మర. నాలుగేళ్ళ కిందట కింది దవడలో వేయించుకున్న ఇంప్లాంట్ అది.

“నొప్పి లేదు, ఏమీ లేదు, జంతికలు కూడా శుభ్రంగా నములుతున్నాను. అయినా చుట్టూ ఎముక తగ్గిందంటున్నారు డాక్టరు గారు. అంత గట్టి మర దిగితే ఎముక బలపడాలి గానీ తగ్గడం ఏమిట్రా? ఆ ఇనుము ఎముకను తినేస్తోందా?”

అది ఇనుము కాదు, టైటానియం. ఎముకను తినే గుణం దానికి లేదు. ఉంటే మర పొడవునా తినాలి కదా! ఫిల్ములో అలా కనబడలేదు. కింద ముప్పాతిక భాగం ఎముక మరచుట్ల మధ్యకు చొచ్చుకుపోయి, గోడకు సున్నం పట్టినట్టు పట్టుకునే ఉంది. పైన, చిగురు దగ్గర మాత్రం రెండు పక్కలా సాసరు ఆకారంలో గుంట పడింది. అక్కడ రెండు మరచుట్లు ఎముక లేకుండా తేలాయి. కాబట్టి పిన్ని ప్రశ్నను కాస్త మార్చి అడగాలి: తగ్గితే తగ్గింది, మెడ దగ్గరే ఎందుకు తగ్గింది?

పొలం కంచెకు పాతిన సరుగుడు గుంజను కొన్నేళ్ళ తర్వాత పీకి చూసినవాళ్ళకు ఇందులో సగం జవాబు తెలిసే ఉంటుంది. లోతున పాతుకున్న భాగం గట్టిగానే ఉంటుంది. పైన గాలిలో ఉన్న భాగమూ గట్టిగానే ఉంటుంది. నేల మట్టం దగ్గర జానెడు మేర మాత్రం వేలితో నొక్కితే పొడి రాలుతుంది. లోతున గాలి అందదు, పైన తడి నిలవదు. రెండూ కలిసేది నేల మట్టం దగ్గరే. ఇంప్లాంట్‌కు నేల మట్టం అంటే ఎముక అంచు. నోటి తడి, నోటి సూక్ష్మజీవులు, నమిలే బరువు, లోహపు ముక్కల అతుకు అన్నీ వచ్చి అక్కడే కలుస్తాయి. తేడా ఒక్కటే. ఈ గుంజ పుచ్చదు. చుట్టూ ఉన్న నేలే వెనక్కి తగ్గుతుంది.

నులకమంచం, కటిక నేల

మన సొంత పన్ను ఎముకకు అతికి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో అయిదో వంతు మందాన ఒక నారపొర ఉంటుంది. వేలాది పోగులు ఒక కొస వేరులో, రెండో కొస ఎముకలో నాటుకుని పన్నును వేలాడదీసి పట్టుకుంటాయి. పన్నుకు అది నులకమంచం. నమిలినప్పుడల్లా 25 నుంచి 100 మైక్రాన్ల దాకా కిందికి దిగి మళ్ళీ లేస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అన్నంలో రాయి తగలగానే దవడ టక్కున ఆగిపోతుందే, ఆ కబురు పంపేవి కూడా ఈ పొరలోని నరాలే.

ఇంప్లాంట్‌కు నులక లేదు, కటిక నేల మీద పడక. ఎముకే నేరుగా లోహాన్ని పట్టుకుంటుంది. నమిలే బరువుకు అది 3 నుంచి 5 మైక్రాన్లు దిగితే ఎక్కువ.

ఎముక లోహాన్ని ఇంత గట్టిగా పట్టుకుంటుందన్న సంగతిని 1952 వరకూ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడు స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం గొట్టం బిగించి, దానిలోంచి మూలుగలో రక్తం ఎలా పారుతోందో సూక్ష్మదర్శినితో చూస్తున్నాడు. ఆయన పని రక్త ప్రసారం గురించి, పళ్ళ గురించి కాదు. పని అయ్యాక గొట్టం తీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. ఖరీదైన పరికరం పోయిందని విసుక్కుని ఊరుకుంటే కథ అక్కడే ముగిసేది. ఆయన ఆ మొండితనం గురించే ఆలోచించాడు. 1965లో గోథెన్‌బర్గ్‌లో, పుట్టుకతోనే దవడ లోపం ఉన్న ఒకాయన కింది దవడలో మొదటిసారి టైటానియం మరలు దింపాడు. 2006లో ఆ పేషెంటు కన్నుమూసే దాకా, అంటే 40 ఏళ్ళకు పైగా, అవి పనిచేశాయి. ఈ పట్టుకు బ్రోనెమార్క్ పెట్టిన పేరు ఆసియోఇంటిగ్రేషన్. మనం ఎముక పట్టు అనుకుందాం.

పట్టు దొరికింది కదా అని ఎముక ఇక అలాగే ఉండిపోదు. అది బతికున్న కణజాలం. ఒక పక్క పాత ఎముకను తవ్వే కణాలు, వాటి వెనకే కొత్త ఎముకను పోసే కణాలు నిత్యం పని చేస్తూనే ఉంటాయి. బరువు మోసే చోట గట్టిపడుతుంది, పని లేని చోట పలచబడుతుంది. జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే ఈ సంగతి పుస్తకం రాసి మరీ చెప్పాడు. నెలల తరబడి మంచం పట్టినవాళ్ళ కాలి ఎముకలు పలచబడేది ఇందుకే. మోయలేనంత బరువు పడినా ఎముకకు చేటే.

ఇక్కడే మర ఆకారం లెక్కలోకి వస్తుంది. టైటానియం ఎముక కన్నా అయిదారు రెట్లు బిరుసు. గడ్డపారను నేలలో గుచ్చి పైన పట్టుకుని ఊపండి. నేల నెర్రె విచ్చేది పైన, మొన దగ్గర కాదు. అలాగే పంటి మీద పడే పక్క తోపుడు ఎక్కువగా మెడ దగ్గరి ఎముక మీదే పడుతుంది. పాత ఇంప్లాంట్ల మెడను నున్నగా సాన పట్టేవారు. పాచి పట్టకూడదని వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే, కానీ ఆ నున్నని పట్టీ దగ్గర ఎముకకు పట్టు దొరకదు, చేయడానికి పనీ ఉండదు. అందుకే అది మొదటి మరచుట్టు దాకా జారి అక్కడ ఆగేది. తర్వాతి రోజుల్లో మెడ మీద కూడా వెంట్రుకవాసి సన్నని మరచుట్లు కోశారు, ఉపరితలాన్ని ఇసుక చిమ్మి, ఆమ్లంతో తినిపించి గరుకు చేశారు. ఎముకకు బాగా నచ్చేది 1 నుంచి 2 మైక్రాన్ల గరుకు. అంతకు మించి గరుకు చేస్తే, రేపు ఎప్పుడైనా ఎముక తగ్గి మర బయటపడినప్పుడు ఆ గరుకులోనే పాచి గూడు కడుతుంది, ఎంత గీకినా వదలదు. ఎముకకు ఇష్టమైన గరుకే సూక్ష్మజీవులకూ ఇష్టం. ఈ చిక్కుముడిని ఇప్పటికీ ఏ కంపెనీ పూర్తిగా విప్పలేదు, ప్రకటనల్లో ఏం రాసుకున్నా.

మూడు ముక్కల పన్ను

ఇంప్లాంట్ అనగానే మనకు ఒక్క వస్తువు తోస్తుంది. దంతవైద్యుడైన ఒక మిత్రుడు తన టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి దాన్ని విడివిడిగా పెట్టి చూపించేదాకా నేనూ అలాగే అనుకున్నాను. మొదటిది ఎముకలో దిగే మర. చిటికెన వేలి గోరంత పొడవు, లోపల బోలు. రెండోది చిగురులోంచి పైకి వచ్చే చిన్న దిమ్మె, దీన్ని అబట్‌మెంట్ అంటారు. మూడోది పైన కనిపించే పన్ను, మనం క్యాప్ అంటాం. వీటిని కలిపేది బియ్యపు గింజ కన్నా కాస్త పొడవున్న ఒక స్క్రూ. దిమ్మె నడిమధ్యలోంచి దూరి మర లోపలి గాడిలో బిగుసుకుంటుంది.

“బలమంతా ఇందులో ఉంది,” అని ఆ స్క్రూను పట్టకారుతో ఎత్తి చూపించాడు. దాన్ని చేతి అంచనాతో బిగించరు. బిగింపు కొలిచే రెంచ్ ఉంటుంది. చాలా రకాలకు 30 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్లు బిగించాలని కంపెనీలే చెబుతాయి. సెంటీమీటరు పొడవున్న పిడి చివర మూడున్నర కిలోల బరువు వేలాడదీస్తే ఎంత మెలి పడుతుందో అంత. అలా బిగిసినప్పుడు స్క్రూ రబ్బరులా లవలేశం సాగుతుంది. సాగిన స్క్రూ మళ్ళీ ముడుచుకోవాలని లాగుతుంటుంది. దిమ్మెనూ మరనూ దగ్గరగా పట్టి ఉంచేది ఆ లాగుడే. తాకే తలాల మీది సూక్ష్మమైన గరుకు నలిగి కాసేపట్లో ఆ లాగుడు కాస్త తగ్గుతుంది. అందుకే జాగ్రత్తపరులైన డాక్టర్లు పది నిమిషాలు ఆగి మరోసారి బిగిస్తారు. కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న మనకు అది చాదస్తంగా కనిపిస్తుంది.

బ్రోనెమార్క్ కాలపు మరకు పైన బోల్టు తలలాంటి ఆరుపలకల బుడిపె ఉండేది, ఎత్తు 0.7 మిల్లీమీటరు. మరను ఎముకలోకి తిప్పి దింపడానికి పెట్టిన పట్టు అది. అప్పట్లో దవడ మొత్తానికి నాలుగైదు మరలు దింపి, అన్నిటి మీదా ఒకే పళ్ళవరుస కట్టేవారు. నాలుగు కాళ్ళ మంచం కదలనట్టే అదీ కదిలేది కాదు. తర్వాత ఒక్క పన్ను పోయినవాళ్ళకూ ఇదే మర వాడడం మొదలైంది. మరను తిప్పడానికి పెట్టిన బుడిపె మీద, పన్ను మెలి తిరగకుండా ఆపే బాధ్యత కూడా పడింది. ఒంటి స్తంభం మీద బల్ల నిలబెట్టినట్టయింది. స్క్రూలు వదులవడం మామూలైపోయింది.

ఎక్స్‌రేల్లో ఇంకొకటి కనబడింది. మొదటి ఏడాదిలో మెడ దగ్గర ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎముక పోయేది. తర్వాత తరుగుడు బాగా నెమ్మదించేది. 1986లో ఆల్బ్రెక్ట్‌సన్, జార్బ్ బృందం ఇంప్లాంట్ విజయానికి కొలబద్ద రాస్తూ, మొదటి ఏడాది తర్వాత ఏటా 0.2 మిల్లీమీటరు లోపు తగ్గితే బాగున్నట్టే అన్నారు. మొదటి ఏడాది తరుగును లెక్కలోంచి తీసేశారన్నమాట. ఎంతోమంది దాన్ని ‘అంతే, అది సహజం’ అనుకుని సరిపెట్టుకున్నారు. సహజమా, లేక ముక్కల కూర్పులోనే ఏదైనా తేడా ఉందా అని అడిగినవాళ్ళు కొద్దిమందే.

సందు పెద్దదైతేనా, కదిలితేనా?

మరా దిమ్మే కలిసే చోట ఎంత నున్నగా కోసినా కొద్ది మైక్రాన్ల సందు మిగులుతుంది. కంటికి ఆనదు. నోటి సూక్ష్మజీవికి మాత్రం అది సింహద్వారమే, దాని ఒళ్ళు ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉంటుంది మరి. మర లోపలి బోలు దానికి మంచి వసతి. వెచ్చన, తడి, బ్రష్షు రాదు, మందు చేరదు.

1990ల చివర్లో టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో డేవిడ్ కాక్రన్, యోఆకిమ్ హెర్మాన్ బృందం కుక్కల దవడల్లో ఈ సందును కావాలని వేర్వేరు ఎత్తుల్లో అమర్చి చూసింది. కొన్నిటిలో ఎముక అంచుకు పైన, కొన్నిటిలో సరిగ్గా అంచున, కొన్నిటిలో అంచు కింద. ఎముక ప్రతిసారీ సందు నుంచి దూరం జరిగింది. సందు అంచున గానీ కింద గానీ ఉన్నప్పుడు దాదాపు రెండు మిల్లీమీటర్లు కిందికి దిగి అక్కడ స్థిరపడింది. సందే లేని ఒకే ముక్క ఇంప్లాంట్లలో మాత్రం గరుకు మొదలైన చోటే నిలిచింది. మురికి కాలువ పక్కన ఇల్లు కట్టనని మొండికేసిన మనిషిలా కాలువ ఎటు జరిగితే ఎముక దానికి దూరంగా జరిగింది.

అయితే సందును ఇంకా సన్నం చేస్తే సరిపోతుంది కదా? ఎవరికైనా ముందు తోచేది ఇదే. అదే బృందం 2001లో ప్రకటించిన ప్రయోగం నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం. సందు కొలతలు మూడు రకాలుగా పెట్టారు: 10 మైక్రాన్ల లోపు, 50, 100. ప్రతి కొలతలోనూ కొన్ని జతలను లేజర్‌తో వెల్డింగ్ చేసి కదలకుండా చేశారు, కొన్నిటిని మామూలుగా స్క్రూతో బిగించి వదిలారు. సందు పెద్దదైన కొద్దీ ఎముక ఎక్కువ పోవాలి కదా. అలా జరగలేదు. 100 మైక్రాన్ల సందు ఉన్నా వెల్డింగ్ చేసినవాటి దగ్గర ఎముక మెరుగ్గా నిలిచింది. 10 మైక్రాన్లే ఉన్నా కదిలే అతుకు దగ్గర ఎక్కువ పోయింది. ఎముక లెక్క చూసింది సందు వెడల్పును కాదు, కదలికను.

ఎందుకలా? వానలో తడిసిన బూట్లతో నడిస్తే అడుగడుగుకీ పచక్కుమని నీళ్ళు బయటికి చిమ్మి, కాలెత్తగానే మళ్ళీ లోపలికి పీలుస్తుంది. కదిలే అతుకు కూడా అంతే. 2007లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో హోల్గర్ జిప్రిష్ బృందం రకరకాల ఇంప్లాంట్లను పక్క నుంచి తోస్తూ వేగవంతమైన ఎక్స్‌రే వీడియో తీసింది. కొన్ని రకాల్లో ప్రతి తోపుడుకూ ఒక పక్క సందు తెరుచుకోవడం, వదలగానే మూసుకోవడం కళ్ళకు కట్టింది. లోపలి కుళ్ళు నీరు ఎముక అంచు మీదికి వస్తుంది, కొత్త సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. రోజుకు మూడు పూటలా నమలడమంటే ఎన్ని వేల సార్లో. శరీరం ఆ అతుకు చుట్టూ తెల్ల రక్తకణాల కాపలా పెడుతుంది. ఆ కాపలా ఎప్పటికీ ఎత్తేయని కర్ఫ్యూలాంటిది. దాని సంకేతాలే ఎముకను తవ్వే కణాలను పిలుస్తాయి. దాడి చేసేది సూక్ష్మజీవి, కానీ వెనక్కి తగ్గమని ఎముకకు చెప్పేది మన ఒళ్ళే.

సరుకు లేక దొరికిన ఉపాయం

సందు పూర్తిగా పోదు, కదలిక పూర్తిగా ఆగదు. పోనీ, దాన్ని ఎముకకు దూరంగా జరపొచ్చా? స్విట్జర్లాండ్‌లో ఆండ్రే ష్రోడర్, స్ట్రామన్ సంస్థతో కలిసి 1970ల నుంచే ఒక దారి తొక్కాడు. మర మెడను పొడిగించి, అతుకు ఎముకకు దాదాపు మూడు మిల్లీమీటర్లు పైన, చిగురు అంచు దగ్గర పడేలా చేశాడు. ఎముకకు ఇది సుఖమే. ముందు పళ్ళలో అయితే నవ్వినప్పుడు లోహం మెరుస్తుందని పేషెంట్లు ఒప్పుకునేవారు కాదు.

రెండో దారిని ఎవరూ కనిపెట్టలేదు, అది గోదాములో సరుకు లేకపోవడం వల్ల దొరికింది. 1991లో ఫ్లోరిడాలోని ఇంప్లాంట్ ఇన్నొవేషన్స్ అనే కంపెనీ 5, 6 మిల్లీమీటర్ల లావు మరలు మార్కెట్లోకి తెచ్చింది. వాటికి తగిన లావు దిమ్మెలు ఇంకా తయారు కాలేదు. డాక్టర్లు ఏం చేస్తారు? ఉన్న 4.1 మిల్లీమీటర్ల దిమ్మెలనే లావు మరల మీద బిగించారు. లావుపాటి పునాది మీద సన్న గోడ లేచినట్టయింది. చుట్టూ అర మిల్లీమీటరు నుంచి దాదాపు ఒక మిల్లీమీటరు వరకూ మర అంచు ఖాళీగా మిగిలింది. మన పాత పెంకుటిళ్ళ ముందు గోడకు బయట మిగిలే అరుగులాగా.

ఏళ్ళ తర్వాత ఆ పేషెంట్ల ఎక్స్‌రేలు చూస్తే, మొదటి ఏడాదిలో పోవాల్సిన ఎముక పోలేదు. కొన్నిటిలో ఎముక మర అంచు దాకా వచ్చి నిలిచింది. 2006లో రిచర్డ్ లజారా, స్టీఫెన్ పోర్టర్ దీన్ని వివరంగా రాసి ప్లాట్‌ఫామ్ స్విచ్చింగ్ అని పేరు పెట్టారు. తెలుగులో నేను అరుగు వదలడం అంటాను.

అరుగు చేసే పని ఇది. సందు మర అంచు నుంచి లోపలికి జరిగింది. సందు చుట్టూ మూగే కాపలా కణాలు అరుగు మీదే కూర్చున్నాయి, పక్కనున్న ఎముక మీద పడలేదు. ఇంటి చూరు నీళ్ళు గోడ మొదట్లో పడితే పునాది నానుతుంది, అరుగు మీద పడితే నానదు. పైగా నమిలే ఒత్తిడి కూడా మర అంచు నుంచి నడుముకు మళ్ళుతుంది.

ఇక్కడొక మాట చెప్పకపోతే అమ్మకాల ఏజెంటులా మాట్లాడినట్టవుతుంది. అరుగు ఉన్నవాటికీ లేనివాటికీ మధ్య సగటున మిగిలే ఎముక తేడా అర మిల్లీమీటరు లోపే. దంతవైద్య సభల్లో దీని మీద జరిగిన హడావుడి చూస్తే అయిదు మిల్లీమీటర్లు మిగిలిందేమో అనిపిస్తుంది. ముందు పంటి దగ్గర ఆ అర మిల్లీమీటరే చిగురు నిలవడానికీ, పళ్ళ మధ్య నల్లసందు పడడానికీ తేడా కావచ్చు. వెనక దవడ పంటికి అంత పట్టింపు లేదు.

గ్లాసులో గ్లాసు

వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టి మరిచిపోతే ఏమవుతుందో ఇల్లాళ్ళకు తెలుసు. ఊడిరావు. స్క్రూ లేదు, జిగురు లేదు. కింద సన్నమై పైన విశాలమైన ఆకారమే రెండు గోడలనూ ఒకదానికొకటి అదిమి పెడుతుంది. ఇదే సూత్రాన్ని 1860లలో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ డ్రిల్లు కాడలకు వాడాడు. బాలానగర్‌లో లేత్ మీద పనిచేసే కుర్రవాణ్ణి ‘మోర్స్ టేపర్’ అని అడగండి, ఇంజనీరింగ్ పుస్తకం చూడకుండానే చెబుతాడు. డ్రిల్ చక్ కాడను గొట్టంలో పెట్టి చేత్తో ఒక్క విసురు విసిరితే పట్టేస్తుంది, తీయాలంటే వెనక నుంచి మేకు దించి కొట్టాలి.

పాత ఆరుపలకల బుడిపె మీద దిమ్మె కూర్చోవడం, గిన్నె మీద మూత పెట్టడం వంటిది. అంచు మీద నొక్కితే అవతలి అంచు లేస్తుంది. దిమ్మె కింది భాగాన్ని శంకువులా మలిచి, మర లోపలి బోలును కూడా అలాగే కోసి దింపితే మూత కాస్తా గ్లాసులో గ్లాసయింది. స్ట్రామన్ వారి ఒక రకం మరల్లో ఆ గోడ వాలు 8 డిగ్రీలు. ఇప్పుడు పక్క నుంచి తోస్తే భారం స్క్రూ ఒక్కదాని మీద పడదు, గోడకు గోడ ఆనుకుని మోస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ వీడియోల్లో బాగా కోసిన శంకు జతలు తెరుచుకోకుండా నిలిచాయి. పైగా శంకువు ఎలాగూ లోపలికి దిగుతుంది కాబట్టి అరుగు దానంతటదే వస్తుంది. ఇవాళ కొత్తగా వస్తున్న మరల్లో చాలావరకు ఈ రెండూ కలిసే ఉంటున్నాయి.

చిక్కు లేకపోలేదు. శంకువుకు చోటివ్వాలంటే మర గోడ పలచబడాలి. సన్నటి మరలకు అలా చేస్తే గోడ చిట్లే ప్రమాదం ఉంది. దానికన్నా పెద్ద చిక్కు, ఒక కంపెనీ మరలో ఇంకో కంపెనీ దిమ్మె. ‘సరిపోతుంది సార్, అదే సైజు’ అని అమ్మే నకలు దిమ్మెలు చవగ్గా దొరుకుతాయి. శంకువు వాలులో అర డిగ్రీ తేడా వచ్చినా గోడకు గోడ ఆనదు, పైనో కిందో ఒక గీత వెంబడి మాత్రమే తాకుతుంది. గ్లాసులో వేరే సెట్టు గ్లాసు పెట్టినట్టు పైకి బిగిసినట్టే ఉంటుంది, వేలితో తోస్తే ఊగుతుంది. మరకు పదిహేను వేలు పెట్టి దిమ్మె దగ్గర రెండు వేలు మిగుల్చుకోవడం కోట తలుపులు ఉక్కుతో చేయించి గడియ తాడుతో కట్టుకోవడమే.

చిగురు అడిగే జాగా

ఇంతవరకూ లోహానికీ ఎముకకూ మధ్య వ్యవహారం. మధ్యవర్తి చిగురు. బోరుబావికి పైన కేసింగ్ పైపు దింపి గట్టి రాతిలో దిగేలా చూస్తారు. లేకపోతే పై మురికి నీరు పక్క నుంచి బావిలోకి దిగుతుంది. ఇంప్లాంట్‌కు ఆ కేసింగ్ చిగురే. దిమ్మె చుట్టూ అది మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున పట్టీలా అల్లుకుని నోటినీ ఎముకనూ విడదీస్తుంది. ఆ ఎత్తు దానికి కావాలి. బేరం లేదు. చిగురు రెండు మిల్లీమీటర్ల కన్నా పలచగా ఉన్నచోట ఇంప్లాంట్ పెడితే, తనకు కావలసిన ఎత్తును ఎముకను తగ్గించి మరీ సంపాదించుకుంటుంది. గోథెన్‌బర్గ్‌లో బెర్గ్లుండ్, లిండే 1996లోనే దీన్ని చూపించారు. అలాంటి చోట అరుగు కూడా పెద్దగా కాపాడదు.

దిమ్మె పొడవు ఈ కారణంగానే ముఖ్యం. పొట్టి దిమ్మె పెట్టి పైన లావు క్యాప్ కూర్చోబెడితే చిగురుకు అల్లుకునే జాగా ఉండదు, క్యాప్ పొట్ట కింద పాచి చేరుతుంది, బ్రష్షు పోదు. కొలతలకనీ సరిచూడడానికనీ దిమ్మెను పదే పదే విప్పడం కూడా మంచిది కాదు. 1997లో గోథెన్‌బర్గ్ బృందం కుక్కల్లో అయిదుసార్లు విప్పి బిగించి చూస్తే, చిగురు పట్టు తెగిన ప్రతిసారీ కొంచెం కిందికి దిగి అల్లుకుని, ఎముకను తనతోపాటు కిందికి దించింది. మానుతున్న పుండు మీద పక్కు గిల్లినట్టే.

ఇక సిమెంట్. క్యాప్‌ను దిమ్మెకు అతికించడానికి వాడే జిగురది. క్యాప్ నొక్కగానే మిగిలిన సిమెంట్ పక్కలకు పొంగి చిగురు లోపలికి దిగుతుంది. సొంత పంటికైతే చిగురు పోగులు వేరులో అడ్డంగా నాటుకుని దారి ఆపుతాయి. లోహం చుట్టూ పోగులు పక్కనే నిలువుగా సాగిపోతాయి, ఆపే నాథుడు లేడు. 2009లో డాలస్‌కు చెందిన థామస్ విల్సన్ ఇంప్లాంట్ చుట్టూ వాపు వచ్చిన పేషెంట్లను సన్నని ఎండోస్కోపుతో పరీక్షిస్తే 81 శాతం చోట్ల మిగులు సిమెంట్ కనిపించింది. దాన్ని తీసేశాక వాటిలో చాలా వాటికి వాపు తగ్గింది. అందుకే కుదిరినచోట క్యాప్‌ను స్క్రూతో బిగించి, పైన చిన్న రంధ్రాన్ని పంటిరంగు పూతతో మూయడం మంచిదని నా అభిప్రాయం. పన్ను నడినెత్తిన ఆ చిన్న మచ్చ అసహ్యంగా ఉందని చాలామంది ఒప్పుకోరు. ఎవరైనా మన నోట్లోకి తొంగి చూస్తేనే కదా అది కనబడేది.

పొగాకు, అదుపు లేని షుగరు, బద్ధకపు బ్రషింగ్ ముందు ఈ డిజైన్లన్నీ తలవంచుతాయి. వాటి గురించి వచ్చే అధ్యాయంలో చెబుతాను.

ఇక పిన్ని ఫిల్ము సంగతి. మరునాడు మా మిత్రుడికి ఫోన్లో దాని ఫొటో పంపాను. మర నెత్తిన బుడిపె చూసి పాత రకమే అన్నాడు. అరుగు లేదు, దిమ్మె మర అంచుకు సమంగా కూర్చుంది. “రెండు చుట్లు బయటపడ్డాయంటే ఒకటిన్నర మిల్లీమీటరు. నాలుగేళ్ళకు మరీ కంగారు పడేది కాదు. కానీ సందు ఒక పక్క కాస్త నల్లగా కనబడుతోంది, స్క్రూ వదులైందేమో చూపించమను,” అన్నాడు.

వదులే అయింది. పిన్నికి తెలియనంత వదులు. నులక లేని పంటికి ఆ కబురు చెప్పే నరాలు ఉండవు కదా. తెనాలి డాక్టరు గారు క్యాప్ నెత్తి మీది పూత తీసి, పాత స్క్రూ పారేసి, కొత్తది బిగించాలన్నారు. ఏ కంపెనీదో, ఏ సైజో చెప్పే కార్డు తెమ్మన్నారు. ఇంప్లాంట్ పెట్టిన రోజున ప్రతి పేషెంటుకూ మర పెట్టె మీది స్టిక్కరు అంటించి ఆ కార్డు ఇవ్వాలి. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు స్క్రూ ఊడితే, అక్కడి డాక్టరుకు ఈ కార్డు ఒక్కటే దారి చూపిస్తుంది. లేకపోతే ఎక్స్‌రే చూసి వందల రకాల మరల్లో ఇది ఏదో ఊహించాలి.

పిన్ని బీరువా అంతా గాలించింది. చివరికి బంగారం కొన్న రసీదుల మధ్య దొరికింది. స్టిక్కరు మీద కంపెనీ పేరు సగం చెరిగింది గానీ 3.75 × 10 అన్న అంకెలు, కింద లాట్ నంబరు నిలిచే ఉన్నాయి. వారం రోజుల్లో గుంటూరు నుంచి స్క్రూ వచ్చింది. బిగించిన పది నిమిషాల తర్వాత డాక్టరు గారు మళ్ళీ రెంచ్ పట్టుకుంటే, “ఇందాకే బిగించారు కదండీ?” అని అడగబోయి ఊరుకున్నానని పిన్ని ఫోన్లో చెప్పింది.